‘గుడ్’ అను చిన్న మాట



ఇంగ్లీషు అక్షరములు దిద్దుకొను పసివాడు మొట్టమొదట నేర్చుకొను మాటలలో ‘గుడ్’ అనునది ఒకటి. దాని అర్థమేమని అడిగినయెడల ‘మంచి’ అని తడుముకొనకుండ చెప్పును. ఆ జవాబు తప్పు కాదు. అయితే ఆ ఒక్క అర్థమును చేతబట్టుకొని ఇంగ్లీషు ఉత్తరమునుగాని, ఆసుపత్రి చీటినిగాని, ఇంగ్లీషు బైబిలునుగాని చదువబూనినవాడు త్రోవ తప్పును. మేమును ఒకప్పుడు అట్లే త్రోవ తప్పితిమి. ఆ సంగతి మొదట చెప్పి, తరువాత పాఠమునకు వచ్చెదము.

ఒక ఉత్తరము

మేము హైస్కూలు చదువు ముగించి ఇంటనున్న రోజులవి. మా పల్లెలో ఎవరికైనను ఇంగ్లీషు ఉత్తరము వచ్చినయెడల మా యొద్దకే తెచ్చెడివారు. అది మాకు కొంత గర్వముగానే యుండెడిది. మా వీధిలో ఒక విధవరాలుండెను. మేమామెను పెద్దమ్మ అని పిలిచెడివారము. ఆమె ఒక్కగానొక్క కుమారుడు దూరపు రాష్ట్రములో ఒక మిల్లులో పనికి కుదిరి, నెలనెల మనియార్డరు పంపుచుండెను. రెండు నెలలు డబ్బు రాలేదు, ఉత్తరమును రాలేదు. ఆమె మాచేత మిల్లు ఆఫీసుకు కార్డు వ్రాయించెను. పది దినములకు టైపు కొట్టిన జవాబు వచ్చెను. అందులో నున్నది ఒక్కటే వాక్యము. ఆమె కుమారుడు మిల్లును ‘ఫర్ గుడ్’ విడిచి వెళ్ళెనని దాని సారాంశము.

‘గుడ్’ అనగా మేలు. ‘ఫర్’ అనగా కొరకు. పైగా రోమా పత్రిక 8వ అధ్యాయము 28వ వచనమును మేము ఇంగ్లీషులో కంఠస్థము చేసియుంటిమి. దేవుని ప్రేమించువారి బ్రతుకులో జరుగునవన్నియు కడకు వారి మేలునకే దారితీయునని తెలుపు ఆ వచనములో సరిగా ఈ రెండు మాటలే యున్నవి. కావున మేమేమాత్రమును సందేహింపలేదు. “పెద్దమ్మా, అన్న మేలు కోరి ఆ మిల్లు విడిచినాడట. ఎక్కడనో ఇంతకంటె మంచి పని దొరికియుండును” అని చెప్పితిమి. ఆమె ముఖము వికసించెను. మరుసటి ఆదివారము చీరకొంగున ముడివేసికొన్న రెండు రూపాయలు విప్పి కృతజ్ఞతార్పణగా పళ్ళెములో వేసెను.

మూడు వారములు గడిచెను. మా పాస్టరుగారు ప్రార్థనకొరకు ఆమె యింటికి వెళ్ళినప్పుడు ఆ ఉత్తరము చూపమని అడిగిరి. చదివి, కొంతసేపు మాటలాడక కూర్చుండిరి. తరువాత మమ్మును పిలిపించి, “బాబూ, ‘ఫర్ గుడ్’ అనగా ఇక్కడ మేలుకొరకు అని కాదు. మరల తిరిగి రాకుండ, శాశ్వతముగా విడిచిపోయెనని అర్థము. అతడెక్కడికి పోయెనో వారికిని తెలియదు” అనిరి. ఆ రాత్రియే సంఘస్థులిద్దరు రైలెక్కిరి. దగ్గుతోను జ్వరముతోను పని చేయలేక, ఇంటికి వ్రాయుటకు సిగ్గుపడి, ఒక సత్రపు అరుగుమీద పడియున్న అతనిని వెదకి కనుగొని తీసికొనివచ్చిరి. వైద్యము జరిగెను, అతడు బ్రతికెను. కాని మా తప్పు చదువువలన మూడు వారములు అతడు దిక్కులేక పడియుండెను.

పెద్దమ్మ మమ్మును నిందింపలేదు. “నీకు తెలిసినది నీవు చెప్పితివి నాయనా” అని మాత్రము అనెను. ఆ మాటయే మాకు ఎక్కువగా గుచ్చుకొనెను. ఏలయనగా మాకు తెలిసినది మేము చెప్పలేదు; తెలియనిదానిని తెలిసినట్లు చెప్పితిమి. అందుచేతనే ఈ చిన్న మాటను మీతోకూడ ఒకసారి నిదానముగా పరిశీలింప గోరుచున్నాము.

మొదట మన ‘మంచి’ని చూడుడి

ఒక మాటకు పలు అర్థములుండుట ఇంగ్లీషువారి వింత కాదు. మన ‘మంచి’ అను మాటనే చూడుడి. మంచినీళ్ళు అనగా త్రాగు నీరు. మంచినూనె అనగా నువ్వుల నూనె. అంతమాత్రమున ఆముదము చెడ్డనూనె యనుట కాదు. మంచి గంధము అనగా చందనము. “మంచి ఎండలో బయలుదేరితివి” అన్నప్పుడు ఎండ మెచ్చుకొనదగినదని కాదు, మిక్కిలి తీవ్రముగా నున్నదని భావము. మంచి నిద్ర యనగా గాఢనిద్ర. మంచిచెడ్డలు విచారించుట యనగా యోగక్షేమములు కనుగొనుట. “మంచిది, వెళ్ళిరండి” అన్నప్పుడు ‘సరే’ అని అర్థము. దొంగ పట్టుబడినప్పుడు “వానికి మంచి పని అయినది” అన్నచో తగిన శాస్తి జరిగినదని అర్థము.

ఇవన్నియు మనకు ఎవరును నేర్పలేదు. తల్లి ఒడిలోనే అబ్బినవి. తెలుగు నేర్చుకొనవచ్చిన పరదేశి ‘మంచి’ యొక్క ఒకే అర్థము పట్టుకొని మన యింట మసలినయెడల ఎన్ని చిక్కులు పడునో ఊహింపుడి. ‘గుడ్’ విషయములో మనమే ఆ పరదేశులము.

గుణము, నేర్పు, ఉపయోగము

‘గుడ్’ మనుష్యుని గుణమును తెలుపును. ‘ఎ గుడ్ మాన్’ అనగా సజ్జనుడు. పిల్లవానితో ‘బీ గుడ్’ అన్నచో అల్లరి చేయవద్దని అర్థము. ‘గుడ్ బాయ్’ అని పిల్లవానిని మెచ్చుకొనవచ్చును; అదే మాట పెద్దవానితో అన్నయెడల ఎగతాళిగా తోచును.

రెండవది నేర్పు. ‘గుడ్ ఎట్’ అని వచ్చినప్పుడు ఆ పనిలో నిపుణుడని గ్రహింపవలెను. లెక్కలలో ‘గుడ్’ అయినవాడు నడతలో ‘గుడ్’ అయియుండవలెనను నియమము లేదు. తాళములు తీయుటలో దొంగకూడ ‘గుడ్’ కావచ్చును. ఈ భేదము మరచుటచేత మనము అనేకసార్లు మాటనేర్పరిని గుణవంతునిగా ఎంచి మోసపోవుచున్నాము.

మూడవది ఉపయోగము. ‘గుడ్ ఫర్’ అని వచ్చినచో, దేనికి పనికివచ్చును, లేక ఎంతకాలము చెల్లును అని చూడవలెను. ఒక మందు దగ్గునకు ‘గుడ్’ అనగా దగ్గునకు పనిచేయునని అర్థము. ఒక టిక్కెట్టు మూడు దినములకు ‘గుడ్’ అనగా మూడు దినములు చెల్లునని అర్థము. పాలు ‘గుడ్’ అనగా విరిగిపోలేదని, గ్రుడ్డు ‘గుడ్’ అనగా మురిగిపోలేదని అర్థము. ‘గుడ్ ఫర్ నథింగ్’ అనగా పనికిమాలినవాడు. అందులో ‘గుడ్’ ఉన్నదని సంతోషింపరాదు.

ఈ మాటకే ‘స్’ చేర్చినచో ‘గూడ్స్’ అగును. అనగా సరుకులు, ఆస్తి. మన రైలు స్టేషనులలో గూడ్సు బండి అని పల్లెవారు సహితము పలుకు మాట ఇదియే. మనుష్యుడు తనకున్న సరుకులను ‘మంచివి’ అను మాటతోనే పిలుచుకొనుట ఆలోచింపదగిన సంగతి. మనమును కలిగినవారిని ‘కలవారు’ అనుచున్నాము గదా.

కొలతను తెలుపు ‘గుడ్’

కొన్నిచోట్ల ఈ మాటకు మంచితనముతో ఏ సంబంధమును లేదు. ‘ఎ గుడ్ మైల్’ అనగా నిండు మైలు, తక్కువ కాదు. ‘ఎ గుడ్ డీల్’ అనగా చాల. ‘ఎ గుడ్ వైల్’ అనగా చాలసేపు. 1611వ సంవత్సరమున అచ్చయిన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలులో ఆదికాండము 46:29 చూడుడి. చనిపోయెనని ఎంచిన యోసేపును చూచిన యాకోబు కథ మీకు తెలియును. ఆ తండ్రి కుమారులు కలిసికొన్నప్పుడు యోసేపు ‘ఎ గుడ్ వైల్’ కన్నీరు విడిచెనని అక్కడ నున్నది. ఆ యేడ్పు మంచిదా చెడ్డదా అను విచారణ అక్కడ లేదు. ఎంతసేపు ఏడ్చెనో మాత్రమే చెప్పబడినది. అపొస్తలుల కార్యములు 18:18లో పౌలు కొరింథులో ‘ఎ గుడ్ వైల్’ ఉండెనను మాటకును అనేక దినములని అర్థము.

లూకా 6:38లో ‘గుడ్ మెజర్’ అను మాట యున్నది. ధాన్యము కొలుచు రైతునకు దీని అర్థము వివరింప నక్కరలేదు. కుంచము వదులుగా నింపి పైన చేయి గీచినది కొలతయే. కుదించి, అదిమి, పొర్లిపోవునట్లు పోసినదియు కొలతయే. ఈ రెండవదానినే ‘గుడ్ మెజర్’ అందురు. ‘ఫర్ గుడ్ మెజర్’ అని నేటి వాడుకలో వచ్చినచో, మన అంగళ్ళలో అడుగు ‘కొసరు’ వంటిదని గ్రహించుడి. సరిపోయినదానికి మించి వేసిన పిడికెడు అది.

పలకరింపులు

‘గుడ్ మార్నింగ్’, ‘గుడ్ ఆఫ్టర్‌నూన్’, ‘గుడ్ ఈవినింగ్’ అనునవి కలిసికొన్నప్పుడు చెప్పునవి. ‘గుడ్ నైట్’ మాత్రము విడిపోవునప్పుడు, లేక నిద్రకు పోవునప్పుడు చెప్పునది. రాత్రి ఎనిమిది గంటలకు కూటమునకు వచ్చిన దొరగారికి మన పిల్లలు ‘గుడ్ నైట్’ చెప్పుట మేము విన్నాము. వచ్చినవానిని వచ్చిన వెంటనే సాగనంపినట్లయినది! రాత్రియైనను కలిసికొన్నప్పుడు ‘గుడ్ ఈవినింగ్’ అనియే చెప్పవలెను.

‘మీ గుడ్ నేమ్ ఏమి?’ అని అడుగుట మన దేశపు వాడుక. ‘మీ శుభనామమేమి’ అను మర్యాదను ఇంగ్లీషులో పెట్టిన మాట అది. ఇంగ్లండులో అట్లు అడుగరు. అక్కడ ‘గుడ్ నేమ్’ అనగా లోకములో సంపాదించుకొన్న మంచి పేరు. సామెతలు 22:1లో ఐశ్వర్యముకంటె విలువైనదిగా చెప్పబడినది ఈ పేరే. అయితే హెబ్రీ మూలములో అక్కడ ‘పేరు’ అని మాత్రమే యున్నది. ‘గుడ్’ అను మాటను అర్థము తెలియుటకై ఇంగ్లీషువారు చేర్చిరి. పేరు అనగానే మంచి పేరని అర్థమయిన కాలమది.

నేడు మన బిడ్డలనేకులు నర్సులుగాను, పనివారుగాను పరదేశములకు వెళ్ళుచున్నారు. వారికొక సూచన. భోజనపు బల్లయొద్ద ఇంకను వడ్డింతుమా అని అడిగినప్పుడు ‘ఐ యామ్ గుడ్’ అన్నయెడల, ‘నాకు చాలును, వద్దు’ అని అర్థము. ఆకలితో నున్నవాడు భోజనము బాగున్నదని చెప్పదలచి ఆ మాట అన్నచో ఆకలితోనే లేవవలసివచ్చును.

జంటగా వచ్చినప్పుడు

‘గుడ్’ ప్రక్కన మరియొక మాట చేరినప్పుడే ఎక్కువ ప్రమాదము. నాలుగు ఉదాహరణములు చెప్పెదము.

మొదటిది ‘ఫర్ గుడ్’. దీని కథ మీరు విన్నారు. బైబిలులో ఇది మేలుకొరకు అని వచ్చును. నేటి సంభాషణలోను, ఉత్తరములలోను ఎక్కువగా శాశ్వతముగా, మరల తిరిగి రాకుండ అని వచ్చును.

రెండవది ‘యాజ్ గుడ్ యాజ్’. హెబ్రీయులకు 11:12లో ముసలివాడైన అబ్రాహామునుగూర్చి ఇంగ్లీషులో ‘యాజ్ గుడ్ యాజ్ డెడ్’ అని యున్నది. మాటకు మాట పెట్టినచో ‘చచ్చినంత మంచివాడు’ అని వచ్చును. అది అర్థము లేని మాట. చచ్చినవానితో దాదాపు సమానుడని దాని భావము. మన తెలుగు బైబిలు అనువాదకులు ‘మృతతుల్యుడు’ అను ఒక్క మాటతో దానిని చక్కగా తెలిపిరి. ఆసుపత్రివారు గాయము ‘యాజ్ గుడ్ యాజ్ హీల్డ్’ అన్నయెడల, దాదాపు మానినదని అర్థము. పూర్తిగా మానినదనుట కాదు. కట్టు విప్పి పొలమునకు పోరాదు.

మూడవది ‘మేక్ గుడ్’. మంచి చేయుట అని దీని అర్థము కాదు, నష్టము తీర్చుట. నిర్గమకాండము 21:34లో గొయ్యి త్రవ్వి మూయనివాడు, అందులో పడి చచ్చిన పశువునకు బదులు సొమ్ము అచ్చుకొనవలెనను ధర్మము ఇంగ్లీషు బైబిలులో ఈ మాటతోనే చెప్పబడినది. పత్రముమీద ఈ మాట కనబడినయెడల, సంతకము పెట్టకముందు ఎవరు ఎవరికి చెల్లింపవలెనో విచారించుడి.

నాలుగవది ‘ఇన్ గుడ్ ఫెయిత్’. ఇది న్యాయస్థానపు మాట. ‘ఫెయిత్’ అనగా విశ్వాసమని మనము ఎరుగుదుము గనుక, ఇది మతవిశ్వాసమును గూర్చినదని తలంచెదము. అట్లు కాదు. కపటము లేక, సద్భావముతో చేసినది అని దీని అర్థము.

ఈ మాటతో ముడిపడిన మరియొక సంగతి మీకు ఉపయోగపడును. లూకా 10వ అధ్యాయములోని సమరయుని కథను ఇంగ్లీషువారు ‘గుడ్ సమారిటన్’ కథ అందురు. అయితే ఆ కథలో అతనిని ‘మంచివాడు’ అని ఎక్కడను పిలువలేదు. అతడు జాలిపడెను, గాయములు కట్టెను, సొంత పశువుమీద ఎక్కించెను, పూటకూళ్ళవానికి డబ్బిచ్చెను. ఆ పనులను చూచి తరువాతివారు ఆ పేరు పెట్టిరి. ఆ పేరు నేడు మన దేశపు చట్టములోనికి సహితము వచ్చినది. రోడ్డు ప్రమాదములో గాయపడినవారికి సహాయము చేయువారిని వేధింపరాదని 2016లో సుప్రీం కోర్టు మార్గదర్శక సూత్రములకు బలమిచ్చెను. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినప్పుడు 134ఎ అను సెక్షను చేర్చిరి. ప్రతిఫలము కోరక సద్భావముతో సహాయపడినవానిమీద, ఆ సహాయములో పొరపాటున హాని జరిగినను, సివిలు బాధ్యతగాని క్రిమినలు బాధ్యతగాని యుండదని అది చెప్పుచున్నది. కావున పోలీసు కేసగునను భయముచేత, రోడ్డుప్రక్క పడియున్నవానిని చూచి ఎడమగా దాటిపోవలసిన పనిలేదు.

ఈ మాట ఎక్కడనుండి వచ్చెను?

‘గుడ్’ అను మాట ‘గాడ్’ అను మాటనుండి పుట్టినదని ప్రసంగములలో చెప్పుట మనము వినుచుందుము. వినుటకు ఇంపుగా నుండును గాని అది నిజము కాదు. పాత ఇంగ్లీషులో రెండును ఒకే అక్షరములతో వ్రాయబడినను, ఒకదానిలో దీర్ఘము, మరియొకదానిలో హ్రస్వము. వాటి మూలములు వేరు. ‘గుడ్’ అను మాట ‘గాదర్’, అనగా కూర్చుట, అను మాటతో చుట్టరికము గలది. పొందికగా నున్నది, తగినది అని దాని మొదటి భావము. సత్యమును బోధించువారు సత్యము కాని ఆధారముమీద నిలువనక్కరలేదు.

అయినను ఈ రెండు మాటలు త్రోవలో రెండుసార్లు కలిసికొన్నవి. ‘గాస్పెల్’ అను మాట పాత ఇంగ్లీషులో ‘గుడ్’ అను మాటయు, వార్త అను అర్థముగల ‘స్పెల్’ అను మాటయు కలిసి ఏర్పడినది. మన ‘సువార్త’ కూడ అట్టిదే. ‘సు’ అనగా మంచి. గ్రీకు మూలమును అట్లే యున్నది. తరువాత జనులు దానిని ‘గాడ్’ గూర్చిన వార్త అని తలంచి పలుకసాగిరి. ‘గుడ్ బై’ కథ దీనికి తలక్రిందులు. దేవుడు మీకు తోడైయుండునుగాక అని సాగనంపు దీవెన నానాటికి కుదించుకొనిపోయి, 16వ శతాబ్దపు చివరి భాగమున ఒక్క మాటయై, ‘గుడ్ డే’ వంటి పలకరింపుల పోలికచేత ‘గాడ్’ స్థానమున ‘గుడ్’ వచ్చి చేరినది. బస్సు కదలునప్పుడు మనము ఆలోచింపక చెప్పు ‘గుడ్ బై’లో ఒక ప్రార్థన దాగియున్నది.

‘గుడ్ ఫ్రైడే’ సంగతి పిల్లలు ప్రతి సంవత్సరము అడుగుచుందురు. ప్రభువు సిలువ వేయబడిన దినము మంచిదెట్లగును? పూర్వపు ఇంగ్లీషులో సంఘము పవిత్రముగా ఆచరించు దినములకు ‘గుడ్’ అను మాట చేర్చెడివారు. కావున ఇక్కడ దాని అర్థము పరిశుద్ధము. జర్మనులు అదే దినమును దుఃఖపు శుక్రవారమని, డేనులు దీర్ఘ శుక్రవారమని పిలుతురు. మనము శుభ శుక్రవారమనుచున్నాము. ఒక దేశము ఆ దినపు కన్నీటిని చూచెను, ఒక దేశము ఆ దినపు నిడివిని చూచెను, మనము దాని ఫలమును చూచితిమి.

లేఖనములలో

ఆదికాండము మొదటి అధ్యాయములో దేవుడు తన సృష్టిని చూచి మంచిదని ఎంచుట ఏడుసార్లు వచ్చును. అక్కడ హెబ్రీ మాట ‘తోబ్’. ఇదియు మన ‘మంచి’వలె విశాలమైన మాట. రిబ్కా రూపవతి అని చెప్పుటకును, పసివాడైన మోషే చక్కనివాడని చెప్పుటకును ఇదే మాట వాడబడినది. ఆ తరువాతి అధ్యాయములో, నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదని ఉన్నచోటను ఇదే మాట. లేఖనములో ‘మంచిది కాదు’ అని మొదట చెప్పబడినది పాపమునుగూర్చి కాదు, ఒంటరితనమునుగూర్చి యని గమనింపుడి.

క్రొత్త నిబంధన గ్రీకులో రెండు మాటలున్నవి. ‘అగథోస్’ అనగా మేలు చేయు మంచితనము. ‘కలోస్’ అనగా చూచువారికి సహితము చక్కగా, శ్రేష్ఠముగా కనబడు మంచితనము. ఈ రెంటిమధ్య గోడ కట్టరాదు. అనేకచోట్ల ఒకదాని పని మరియొకటి చేయును. అయినను యోహాను 10:11లో మంచి కాపరి యన్నచోట ‘కలోస్’ ఉన్నది. లూకా 8:15లో వాక్యమును గైకొను హృదయమునకు రెండు మాటలును చేర్చబడినవి. ఇంగ్లీషువారు అక్కడ ఒకదానిని ‘ఆనెస్ట్’ అని, మరియొకదానిని ‘గుడ్’ అని చెప్పిరి.

ఇక మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట కూలివారి కథను చూడుడి. 11వ వచనములో కింగ్ జేమ్స్ బైబిలు ఆ తోటవానిని ‘గుడ్‌మాన్’ అనుచున్నది. చదువువాడు మంచివాడని తలంచును. కాని పూర్వపు ఇంగ్లీషులో ‘గుడ్‌మాన్’ అనగా ఇంటి యజమానుడు. అంతకంటె ఎక్కువ లేదు. ఇల్లుగల ప్రతివానికిని చెల్లు మర్యాద మాట అది. అతడు నిజముగా మంచివాడను సంగతి 15వ వచనములోగాని రాదు. అక్కడ గ్రీకులో ‘అగథోస్’ ఉన్నది. సాయంకాలము ఒక్క గంట పనిచేసినవాని పిల్లలకును ఆ రాత్రి ఆకలి యుండునని తలంచినట్లు, నిండు దినపు కూలి యిచ్చిన తరువాతనే ఆ మాట వచ్చినది. పేరుతో వచ్చిన ‘గుడ్’ ఒకటి, చేతితో సంపాదించిన ‘గుడ్’ ఒకటి. ఒకే కథలో నాలుగు వచనముల ఎడములో రెండును ఉన్నవి.

మార్కు 10:17, 18 వచనములలో ఒకడు పరుగెత్తికొనివచ్చి మోకరించి ప్రభువును సద్బోధకుడా యని పిలిచెను. ప్రభువు వాని ప్రశ్నకు జవాబు చెప్పకముందు ఆ పిలుపునుగూర్చియే వానిని అడిగెను. ఆ మాట దేవునికి చెందినదని గుర్తుచేసెను. మర్యాదకై నోటవచ్చిన మాటను తూచి చూచుకొమ్మని చెప్పినట్లు మనకు తోచుచున్నది. ఉదయము లేచినది మొదలు సెల్ ఫోనులో పూలబొమ్మలతో ‘గుడ్ మార్నింగ్’ పంపుకొను మనకును ఈ ప్రశ్న చెల్లును.

చదువరులకు నాలుగు మాటలు

ఒకటి: ‘గుడ్’ కనబడినప్పుడు దాని ముందున్న మాటను, వెనుకనున్న మాటను చూడుడి. ‘ఎట్’, ‘ఫర్’, ‘యాజ్’, ‘మేక్’ అను చిన్న మాటలే అర్థమును త్రిప్పివేయును.

రెండు: ఒక మాటను కాక వాక్యమంతయు, వీలైనచో ఉత్తరమంతయు చదువుడి. కొడుకు డబ్బు పంపక రెండు నెలలైనదని మాకు తెలియును. ఆ సంగతిని ఉత్తరముతో కలిపి చదివియుండినచో మాకు అనుమానము కలిగియుండెడిది.

మూడు: నిఘంటువు చూచుటకు సిగ్గుపడవద్దు. అందులో ‘గుడ్’ క్రింద మొదటి అర్థము చూచి మూసివేయవద్దు, చివరివరకు చదువుడి. సెల్ ఫోను చేయు అనువాదమును కూడ తెలిసినవారిచేత సరిచూపించుకొనుడి.

నాలుగు: తెలియనప్పుడు తెలియదని చెప్పుడి. పల్లెలో చదువు నేర్చినవాని నోటిమీద చదువు రానివారు ఆధారపడుదురు. నేడు ఉత్తరములు తగ్గినవిగాని, బ్యాంకు నోటీసులు, ఆసుపత్రి రిపోర్టులు, పరదేశపు ఉద్యోగ పత్రములు తగ్గలేదు. వాటిని పట్టుకొని మీ గుమ్మములోనికి వచ్చిన ముసలితల్లి మీ ఇంగ్లీషును పరీక్షింపవచ్చినది కాదు. తన బిడ్డ సంగతి తెలిసికొనవచ్చినది. ఆమెను సంతోషపెట్టు అర్థముకంటె, పత్రములో నిజముగా నున్న అర్థమే ఆమెకు మేలు. అది తెలిసికొనుటకు ఇంకొక ఇంటికి నడువవలసివచ్చినయెడల, ఆమెతోకూడ నడువుడి.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింటి మాటలలో ‘మంచి’ అను మాట ఎన్ని అర్థములలో వచ్చుచున్నదో లెక్కించి చెప్పుడి. ఈ పాఠములో లేనివి ఎన్ని?

2. మత్తయి 20:1–15 చదివి, ఆ యజమానుని మంచివాడని చెప్పుటకు ఆధారమైన పనులేవో చూపుడి.

3. మార్కు 10:17, 18 చదువుడి. మనము అలవాటుచేత పలుకు భక్తి మాటలలో అర్థము ఆలోచింపక పలుకునవి ఏవి?

4. మన సంఘములో ఇంగ్లీషు పత్రములు చదివించుకొనవలసినవారు ఎందరున్నారు? వారికి నమ్మకముగా చదివిపెట్టు బాధ్యత ఎవరు తీసికొందురు?